మండితే మంచిదేనన్న రత్నమ్మ

కాలిన గాయాలకు రాసే తెల్ల మలాము ఒకటుంది. మూత తీస్తే తడిసిన సుద్దముక్కలాంటి వాసన వస్తుంది. చాలామందికి అది వాసనగా తోచదు కూడా. నాకు మాత్రం అది తగలగానే ఎడమ మోచేయి దగ్గర చర్మం బిగుసుకుంటుంది. హోసూరులో బండ్లకు కావలసిన చిన్న చిన్న ఎలక్ట్రానిక్ సామాను తయారుచేసే ఫ్యాక్టరీలో నేను లైన్ సూపర్‌వైజర్‌ని. నా దగ్గర పనిచేసేవాళ్ళంతా ఆడపిల్లలే. శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉంటారు. సోల్డరింగ్ పనిలో వేళ్ళు కాలడం మామూలే. మొన్న కొత్తగా చేరిన ఒక శ్రీకాకుళం పిల్ల కాలే కడ్డీ మీద మణికట్టు ఆనించేసుకుంది. ప్రథమ చికిత్స పెట్టె తెచ్చి మలాము రాస్తూ, మంటగా ఉందా అని అడిగాను. అస్సలు మంట లేదు మేడం అంది. కళ్ళ నిండా నీళ్ళు. నాకు చిర్రెత్తింది. పొద్దుటి నుంచి నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి, ఆ రోజు చేయవలసిన పని సగం కూడా కాలేదు, పైగా ఈ అబద్ధం ఒకటి. పని పోతుందేమోనని భయం వాళ్ళకు, తెలుసు. గట్టిగా తిడదామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. రత్నమ్మ గుర్తొచ్చింది. ఆయమ్మ ఉంటే ఆ పిల్లను తిట్టేది కాదు, అడగడం చేతకాదా అని నన్నే తిట్టేది.

రత్నమ్మ అంటే నాగరత్నమ్మ. కృష్ణగిరి పెద్దాసుపత్రిలో కాలినవాళ్ళ వార్డుకు హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. అక్కడ ఎన్నో తరాలుగా అంగళ్ళు పెట్టుకుని బతికే తెలుగు శెట్ల ఇంటి ఆడపడుచు. పుండ్లు కడిగే ఉద్యోగం మన ఇంటావంటా లేదని వాళ్ళ నాన్న ఎంత మొత్తుకున్నా వినలేదట. పెళ్ళి చేసుకోలేదు. పొట్టి మనిషి, లావు కళ్ళద్దాలు, గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది. నవ్వుతూ పలకరించే నర్సులు చాలామంది ఉంటారు, ఆయమ్మ ఆ రకం కాదు. చక్రాల బండి మీద దూది, కత్తెర, మలాము పెట్టుకుని గొణుక్కుంటూ, విసుక్కుంటూ వచ్చేది. వచ్చీ రాగానే అందరినీ అడిగే మాట ఒకటే, "మండతా ఉండాదా?" మండుతోందమ్మా, చచ్చిపోతున్నా అని రోగి ఏడిస్తే, మండితే మంచిదే అని ఇంకో మంచం దగ్గరికి పోయేది. మొదట్లో ఆ మాట విని, ఇంత రాతిగుండె మనిషి ఉంటుందా అనుకున్నాను. అప్పుడు నేను మూడో తరగతి.

మాది అంచెట్టి దాటి కావేరి వైపు దిగే కొండల్లో చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, పక్కింట్లో కన్నడం, బడిలో అరవం. ఏ భాషలో మొదలుపెట్టి ఏ భాషలో ముగించామో మాకే తెలియదు. అమ్మ అప్పుడు బాలింత, తమ్ముడు పుట్టి ఇంకా పురిటి వాసన కూడా పోలేదు. అందుకని వంట మా అవ్వ చేస్తుండేది. దూడ పలుపు తెంచుకుంటే దాని వెంట పరిగెత్తి, అది పొయ్యి వైపు తిరిగితే నేనూ తిరిగి, సంగటి కుండ మీద పడ్డాను. ఉడుకుతున్న సంగటి ఎడమ చేతి మీద భుజం నుంచి మణికట్టు దాకా అతుక్కుంది. నీళ్ళయితే జారిపోతాయి, సంగటి జారదు. ఎవరి తప్పూ లేదు. అవ్వ మాత్రం చచ్చేదాకా ఆ దూడను తిడుతూనే ఉండింది.

మా అవ్వ సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. ఒంటి మీద అమ్మవారు పోసినప్పుడు మా వైపు ఇళ్ళల్లో తాలింపు వేయరు, వేడి అనే మాట కూడా ఎత్తరు. తల్లి ఇంట్లో ఉన్నప్పుడు ఆమెకు కోపం తెప్పించే మాటలు అనకూడదని నమ్మకం. అందరూ అక్కడితో ఆగుతారు. మా అవ్వ ఆగలేదు. ఆమె లెక్కలో నిప్పు కూడా అమ్మే. దీపం ఆరిపోయిందని ఎవరైనా అంటే ఊరుకునేది కాదు, కొండెక్కిందని అనిపించేది. కాలినచోట మంట అంటే, నన్ను తిడుతున్నారని తల్లి ఇంకా మండుతుందట. చల్లగా ఉందంటే సిగ్గుపడి చల్లారుతుందట. మధ్యాహ్నం బస్సుకు నన్ను చంకనేసుకుని బయలుదేరేముందు వేపాకును పసుపు గుడ్డలో చుట్టి మెడలో కట్టి, నాతో ఒట్టు వేయించింది. మంట అనకూడదు, మండుతోంది అనకూడదు, కాలింది అనకూడదు. డాక్టరు అడిగినా సరే. అంటే ఏమవుతుందని అడిగాను. బాలింత ఇంట్లో ఉంది గదా బిడ్డా, తల్లి కోపం యాడికి పోతుంది అంది. నాకు అమ్మ ముఖం, పొత్తిళ్ళలో తమ్ముడి ముఖం కళ్ళముందు కదిలాయి. ఆ ఒక్క మాటతో నా నోరు కుట్టేసినట్టయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మంచి మనిషి. అరవ ఆమె అయినా మేము తెలుగువాళ్ళమని తెలిసి, వచ్చీ రాని తెలుగులోనే అడిగేది. మెల్లగా దూదితో తాకుతూ, మంట ఉందా, ఇక్కడ మంట ఉందా అనేది. నేను పళ్ళు బిగపట్టి, లేదు, చల్లగుంది అనేదాన్ని. అవ్వ పక్కన నిలబడి తృప్తిగా తల ఊపేది. పిల్ల ఏడవడం లేదు, గట్టిది అని వార్డంతా మెచ్చుకుంది. డాక్టరమ్మ మాత్రం రోజురోజుకూ దిగులుపడింది. ఆమె రత్నమ్మతో చెప్పిన మాటలు నేను విన్నాను, అరవం వచ్చు గదా. చూడడానికి అంత లోతుగా కనబడడం లేదు కానీ స్పర్శే లేదంటోంది, చర్మం కింది నరాలు చచ్చిపోయి ఉండాలి, ఆలస్యం చేస్తే చీము పట్టి చేతికే మోసం, చచ్చిన చర్మమంతా కోసి తీసేసి తొడ నుంచి, వీపు నుంచి చర్మం తెచ్చి అతికించాలి. ఆ తర్వాత కూడా మోచేయి ముడుచుకుపోవచ్చు అంది. ఆమె తప్పేమీ లేదు. నేను చెప్పిందే ఆమె నమ్మింది. చేయి పోతుందేమోనని నాకూ భయం వేసింది. కానీ అమ్మా తమ్ముడూ పోతారనే భయం అంతకంటే పెద్దది. మూడో తరగతి పిల్లకు రెండు భయాలుంటే ఏది పెద్దదో దాని మాటే వింటుంది.

ఆపరేషన్‌కు ముందు రోజు కట్టు మార్చడానికి రత్నమ్మ వచ్చింది. ఎప్పటిలాగే అడిగింది, ఎప్పటిలాగే చెప్పాను. ఆమె కట్టు విప్పుతూ నా చేతిని చూడలేదు, కాళ్ళ వైపు చూసింది. నా కాలివేళ్ళు దుప్పటిని పట్టి మెలిపెడుతున్నాయి. కత్తెర పక్కన పెట్టి మంచం మీద కూర్చుంది. పెద్ద గొంతు మనిషి, ఆ రోజు గొంతు తగ్గించింది. అవ్వ టీ తెచ్చుకోవడానికి కిందికి పోయి ఉంది. నా మెడలో పసుపు గుడ్డను వేలితో ఎత్తి చూసి, ఇది ఎందుకు కట్టినారు అని అడిగింది. నేను చెప్పలేదు. ఆమె ఊళ్ళ సంగతులు ఎరిగిన మనిషి. వార్డులో ఎవరైనా మంట అన్నప్పుడల్లా అవ్వ చెవులు మూసుకుని చల్లగుండు తల్లీ అని గొణగడం చూసే ఉంటుంది. నెమ్మదిగా ఒక్కో ముక్కా లాగింది. ఎవరి మీద ఒట్టు? అమ్మ మీద. ఇంకా? తమ్ముడి మీద. ఏ మాట అనకూడదు? నేను నోరు తెరిస్తే ఆ మాటే వస్తుందని గట్టిగా మూసుకున్నాను.

ఇంకొకరైతే ఏమనేవాళ్ళో నాకు తెలుసు. ఇవన్నీ మూఢనమ్మకాలు పాపా, చెప్పెయ్ అనేవాళ్ళు. నేను చెప్పేదాన్ని కాదు. రత్నమ్మ ఒట్టు తప్పమని అడగలేదు. కాసేపు కళ్ళద్దాలు తుడుచుకుంది.

"మీ అవ్వ తెలుగులో గదా ఒట్టేయించుకునింది?"

అవునన్నట్టు తల ఊపాను.

"అరవంలో అనొద్దని చెప్పిందా?"

ఆలోచించాను. చెప్పలేదు. కన్నడం సంగతి కూడా చెప్పలేదు. "అయితే అరవంలో చెప్పు" అంది, లెక్కల జవాబు అడిగినంత మామూలుగా. "ఎరియుదా?"

ఆ అరవపు మాట నోటికి రావడానికి కొంచెం సేపు పట్టింది. బడి తప్ప ఇంకెక్కడా నేను అరవంలో ఏడ్చిన దాన్ని కాదు. ఎరియుదు అన్నాను మెల్లగా. ఇంకోసారి అన్నాను. ఆ తర్వాత ఆగలేదు. అన్ని రోజులుగా మింగిందంతా ఒక్కసారి బయటికి వచ్చింది. ఎరియుదు, ఎరియుదు అని వార్డు దద్దరిల్లేలా అరిచాను. పక్క మంచం లారీ డ్రైవరు లేచి కూర్చున్నాడు. రత్నమ్మ నా నోరు మూయలేదు. డాక్టరమ్మను పిలవమని ఆయాను పరిగెత్తించి, తాను మాత్రం దూది, సూది తీసుకుని భుజం నుంచి మొదలుపెట్టింది. ఈడ? ఎరియుదు. ఈడ? ఎరియుదు. ప్రతి ఎరియుదుకూ ఆమె ముఖం వికసించింది. ఒక పిల్ల ఏడుస్తుంటే ఒక మనిషి అంతగా సంతోషపడడం నేను అప్పుడే చూశాను. మోచేయి దగ్గరికి వచ్చింది. సూది ఆనించింది. నేను ఏమీ అనలేదు. అక్కడ ఏమీ లేదు, నిజంగానే లేదు. అరవంలో అడిగింది, కన్నడంలో అడిగింది, చివరికి తెలుగులో కూడా అడిగింది. లేదని తల అడ్డంగా ఊపాను. నా ఏడుపు ఆగింది, ఆమె ముఖం వాడింది. నొప్పి లేనిచోట మనిషి ఎందుకు దిగులుపడుతుందో అప్పుడు నాకు అర్థమైంది. మండితే మంచిదే అని ఆమె అందరితో ఎందుకంటుందో కూడా.

డాక్టరమ్మ వచ్చి చూసి, మొత్తం చేతికి చేయాలనుకున్న ఆపరేషన్ మానేసింది. మోచేయి దగ్గర అరచేయంత కూడా లేని ముక్కకు మాత్రం తొడ మీది చర్మం అతికించారు. మిగతాదంతా దానంతట అదే మానింది. ఆ మోచేయి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. బస్సులో పైకడ్డీ పట్టుకోవాలంటే కుడిచేయే దిక్కు. అంతకుమించి నష్టం లేదు. ఆ రోజు నా అరుపులకు అవ్వ టీ గ్లాసు చేతిలోనే ఒలకబోసుకుంటూ పరిగెత్తి వచ్చింది. జరిగింది తెలుసుకుంది. రత్నమ్మను ఒకే మాట అడిగింది, "మా తల్లికి అరవం రాదనుకున్నావా?"

రత్నమ్మ నవ్వలేదు. "వస్తాది లేమ్మా. వస్తాదనే చెప్పిస్తి. చల్లార్చు తల్లీ అని మనం అడగాలంటే, మండతా ఉండాదని ముందు చెప్పాల గదా."

అవ్వ సాయంత్రం వరండాలో తూర్పు వైపు తిరిగి దండం పెట్టుకుంటూ, పసిబిడ్డ తాళలేక చెప్పేసింది తల్లీ, మనసులో పెట్టుకోవద్దు అని వేడుకుంది. ఆ తర్వాత నేను అరవంలో ఏడిస్తే వినబడనట్టే ఉండేది. తెలుగు ఒట్టు మాత్రం విప్పలేదు. నేనూ విప్పమనలేదు. నా ఒంటి గురించి గానీ మనసు గురించి గానీ ఆ మాట తెలుగులో అనకుండానే పెద్దదాన్నయ్యాను. మొదట్లో భయం, తర్వాత అలవాటు, అవ్వ పోయాక ఆమె మీద ప్రేమ. మొదట్లో చూడండి, నాకు చిర్రెత్తింది అని రాశాను. ఇంకెవరైనా ఒళ్ళు మండింది అని రాసేవాళ్ళు. ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

కట్టు మార్పించుకోవడానికి చాలా నెలలు కృష్ణగిరికి తిరిగాము. అప్పుడు రత్నమ్మకు నా మీద ఒక చనువు వచ్చింది. ఏ ఊరి మనిషి వార్డులోకి వచ్చినా మీ ఊళ్ళో దీన్ని ఏమంటారని అడిగే పిచ్చి ఆమెకుండేది. అడిగేది ఊరికే కాదు. చురుక్కుమంటోంది అన్నారా, పైచర్మమే తగిలిందని లెక్క. సెగ కొడుతోంది అంటే లోపల వేడి ఇంకా తగ్గలేదు. సలుపుతోంది, పోటు పెడుతోంది అంటే చీము చేరుతోందేమో చూడాలి. మంట అంటే ప్రాణం ఉంది. ఏమీ లేదంటే మాత్రం ఆమె కుర్చీ లాక్కుని కూర్చునేది. నాకు దూది చుట్టడం నేర్పుతూ ఒకసారి పెద్ద పాఠమే చెప్పింది. దీపం వెలిగిస్తాం, పొయ్యి రాజేస్తాం, బీడీ ముట్టిస్తాం, చెత్త తగలబెడతాం. అప్పడం కాలుస్తాం, మిరపకాయలు వేయిస్తాం, పాలు కాస్తాం. అన్నిటికీ నిప్పు ఒకటే గానీ, దాంతో మనకున్న పని వేరు, అందుకే మాట వేరు అంది. కాల్చినవి మనం తింటాం, తగలబెట్టినవి తినం అని నేను అన్నాను. బాగా చెప్పినావని నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. ఆమె మెచ్చుకునే పద్ధతి అది. కడుపుమంట సంగతి కూడా ఆమే చెప్పింది. పొయ్యి మంట ఆర్పాలి, పుండు మంటను కనిపెట్టుకుని ఉండాలి, కడుపు మంటను మాత్రం ఎవరో ఒకరికి చెప్పుకోవాలి అని. చెప్పుకోకపోతే ఏమవుతుందని అడిగితే, ఇదిగో నాలాగా అందరి మీదా అరుస్తారు అంది.

పెద్దయ్యాక హోసూరులో ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ చదివాను. తెలుగు పేపరు కోసం ఒక పెద్ద నిఘంటువు తెచ్చుకుంటే, చదవవలసింది వదిలేసి రత్నమ్మ మాటలన్నీ వెతికాను. వేడి, వేసవి, వేగడం, వేయించడం, వెచ్చన, అన్నీ ఒకే ఇంటి పిల్లలట. అరవంలో అన్నం ఉడకడాన్ని వేగుదు అంటారు, ఎండను వెయిల్ అంటారు, కన్నడంలో ఎండాకాలం బేసిగె. అవన్నీ ఈ ఇంటికే మేనత్తలూ పినతల్లులూ. మంట దగ్గరికి వస్తే దేశ్యం అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. సంస్కృతం నుంచి రాలేదు, ఈ నేలదే అని అర్థం. ఆదివారం కృష్ణగిరికి పోయి ఇదంతా ఉత్సాహంగా చెప్పాను. అప్పటికి ఆమె రిటైరై తమ్ముడి ఇంట్లో ఉంటోంది. వేగడం గురించి విని, అందుకేనేమో ఈ ఇంట్లో ఇంతమందితో వేగతా ఉండాను అంది. మంట గురించి మాత్రం అసంతృప్తిగా తల ఊపింది. "ఈడిదే సరే. ముందు ఎవురు అనింటారు? చెయ్యి కాల్చుకున్న ఆడదే అనింటుంది. ఇంకెవురికి అవసరం?" అని తీర్పు చెప్పేసింది. ఏ నిఘంటువులోనూ లేని ఆ మూలాన్ని నేను ఇప్పటికీ నమ్ముతాను.

వయసు మీదపడ్డాక ఆమెకు చక్కెర జబ్బు వచ్చింది. కాళ్ళ మంటలు మొదలయ్యాయి. నేను పోయినప్పుడల్లా బకెట్ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని కనబడేది. ముదనష్టపు కాళ్ళు, తీసి పారేస్తే పీడా పోతుంది అని తిట్టేది. నేను కింద కూర్చుని పాదాలు ఒత్తుతుంటే ఇంటి సంగతులు, వార్డు సంగతులు చెప్పేది. ఎంతమందికి కట్లు కట్టిందో, ఎంతమంది చేతుల్లోనే పోయారో. ఒకసారి, వాళ్ళ ముఖాలు ఇప్పుడు గుర్తు రావడం లేదమ్మా, అలిసిపోయినాను అంది. అలిసిపోయానని ఆమె నోట వినడం అదే మొదలు. నాకూ అప్పటికి అలసట అంటే ఏమిటో తెలుసు. పొద్దున షిఫ్టు, ఇంట్లో ఇంకో షిఫ్టు, ఆదివారం బస్సులో కృష్ణగిరి. ఇద్దరం మాట్లాడకుండా బకెట్ నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్న సాయంత్రాలు చాలా ఉన్నాయి. వాటిలో లోటు ఏమీ ఉండేది కాదు.

ఆ తర్వాత ఫ్యాక్టరీలో పని ఒత్తిడి పెరిగి కొన్ని నెలలు పోలేకపోయాను. మళ్ళీ పోయేసరికి బకెట్ లేదు. ఆమె తమ్ముడి కోడలు శోభ గుమ్మం దగ్గరే ఎదురొచ్చి, అత్తమ్మకు కాళ్ళ మంట పూర్తిగా పోయిందక్కా, కొత్త మందు బాగా పనిచేసింది, చెప్పులు లేకుండా మిద్దె మీదికి కూడా పోతోంది అని సంబరంగా చెప్పింది. ఇంట్లో అందరి ముఖాల్లోనూ ఎంతో భారం దిగిన కళ. తిట్లు ఆగాయి గదా. నేను చెప్పులు విడిచి గబగబా లోపలికి పోయాను. రత్నమ్మ బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి నవ్వలేదు, కసరలేదు. నేను కింద కూర్చుని కుడి పాదం ఒళ్ళోకి తీసుకున్నాను. మడమ కింద ఒక బొబ్బ పగిలి, చుట్టూ నల్లబారి ఉంది. మిట్టమధ్యాహ్నం మిద్దె మీద ఎండబెట్టిన పసుపుకొమ్ములు తిరగేయడానికి వట్టి కాళ్ళతో పోయిందట. కాలే గచ్చు మీద ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. నేను ఆ బొబ్బ పక్కన గోటితో గట్టిగా నొక్కాను.

"ఎరియుదా సిస్టరమ్మా?"

నా ముఖంలోకి చూసింది. "అరవంలో అడిగినా లేదు, కన్నడంలో అడిగినా లేదు పాపా" అంది. శోభ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. రత్నమ్మే మళ్ళీ అంది, "ఇన్ని దినాలు దాన్ని తిట్టుకున్నాను. ఉన్నన్నాళ్ళూ అది కాళ్ళు బతికుండాయని చెప్తా ఉండింది. ఊరందరికీ చెప్పినదాన్ని, నా కాళ్ళ కాడికి వచ్చేసరికి ఎట్ల మర్చిపోయినానో చూడు."

ఆమె మర్చిపోలేదని నేను అనుకుంటాను. అలిసిపోయింది, అంతే. నొప్పి పోతే చాలనుకునేంతగా మనిషి అలిసిపోవచ్చు, అందులో తప్పేముంది? ఆ రోజే ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపోయాము. ముందు వేళ్ళు తీశారు, తర్వాత పాదం తీశారు. రక్తంలోకి విషం ఎక్కి జ్వరం తగ్గలేదు. వాన రాకముందే ఆమె పోయింది.

కబురు తెలిసి నేను పోయేసరికి కృష్ణగిరి ఇంట్లో అంతా అయిపోయింది. అంగడి మూసి మగవాళ్ళు శ్మశానం నుంచి తిరిగి వచ్చి స్నానాలు చేస్తున్నారు. పరామర్శకు వచ్చినవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు అదే మాట అంటున్నారు. బాధపడకుండా పోయింది, మంచాన పడి తీసుకోలేదు, చల్లగా వెళ్ళిపోయింది. వాళ్ళు మంచికే అంటున్నారు. పెద్దవాళ్ళు పోయినప్పుడు అలాగే అంటారు. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. నాకు ఏడుపు రావడం లేదు. అరవంలో కూడా రావడం లేదు. శోభ పక్కన కూర్చుని, ఏమక్కా, అట్ల ఉండావు, ఒంట్లో బాగలేదా అని నా భుజం పట్టుకుంది. ఏం లేదు శోభా, బాగున్నాను అనబోయాను. ఆ మాట సగం దాకా వచ్చింది కూడా. మా లైనులో పిల్లలు రోజూ నాకు చెప్పేది ఇదే గదా, నేను రోజూ విసుక్కునేదీ ఇదే గదా అనిపించింది.

"మండతా ఉండాది శోభా" అన్నాను.

తెలుగులోనే అన్నాను. అవ్వ కట్టిన ఒట్టు అక్కడ తెగింది. మా అమ్మ ఊళ్ళో ఆవులను మేపుకుంటూ నిక్షేపంగా ఉంది, తమ్ముడు బెంగళూరులో లారీ నడుపుకుంటున్నాడు. వాళ్ళకేమీ కాలేదు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. శోభ కంగారుపడి నీళ్ళ చెంబు తెచ్చింది. కాలిందేమో అనుకుని నా చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. యాడక్కా, యాడ మండతా ఉండాది అని అడిగింది. చూపించడానికి నాకు ఒక చోటంటూ దొరకలేదు. అంతటా అన్నాను.

సంవత్సరం దాటింది. మొన్నటి ఆ శ్రీకాకుళం పిల్లను తిట్టకుండా, మీ ఊళ్ళో దీన్ని ఏమంటారు అని అడిగాను. కాస్త ఆలోచించి, సుర్రుమంటోంది అంటాం మేడం అంది, అని ఏడ్చేసింది. సుర్రు అన్నా చురుక్కే కాబట్టి పైచర్మమే. రెండు రోజుల్లో మానింది. ఆ పూట పిల్లను హాస్టల్‌కు పంపించి, మిగిలిన పని మేమే లాగించి, చీకటి పడే వేళకు బస్సెక్కాను. రత్నమ్మ గురించి ఇంకా మండుతూనే ఉంది. తగ్గుతుందని కొందరు ధైర్యం చెబుతారు. తగ్గకపోయినా ఫరవాలేదని వాళ్ళకు చెప్పను. ఎలా ఉన్నావని అడిగినవాళ్ళకు మాత్రం ఉన్న మాటే చెబుతున్నాను, తెలుగులోనే.